పీహెచ్‌డీ అయ్యాక అమెరికాలో ఎండీకి అప్లై చేయడం: వీసా దగ్గర్నుంచి టీకాల దాకా

ముందు మీ వీసా ఏంటో చెప్పండి. ఎంక్యాట్‌కి (ఇక్కడి మెడికల్ ఎంట్రన్స్‌కి) ఏ పుస్తకం మంచిది, పేపర్లు ఎన్ని ఉండాలి, ముప్పై రెండు దాటితే తీసుకుంటారా, ఇవన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ఈ మధ్య నన్ను అడిగేవాళ్లందరిదీ దాదాపు ఒకే జాతకం: ఇండియాలో బీఫార్మసీయో బీటెక్కో బయోటెక్ ఎమ్మెస్సీయో చేసి, అమెరికా వచ్చి పీహెచ్‌డీ ముగించి, లేదా నాలుగో ఏట ఈడుస్తూ, "ఇప్పుడు డాక్టర్ అవ్వాలనిపిస్తోంది అక్కా" అంటారు. నేనూ ఆ బాపతే. గుంటూరులో బైపీసీ, ఎంసెట్‌లో సీటు రాలేదు, బీఫార్మసీ, ఇక్కడికొచ్చి ఫార్మకాలజీలో పీహెచ్‌డీ. మొదటిసారి అప్లై చేస్తే ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా రాలేదు, రెండోసారి సీటొచ్చింది, ఇప్పుడు మూడో ఏడు. ఆ రెండు ప్రయత్నాల మధ్య నా పీహెచ్‌డీ ఏమీ మారలేదు, మారిందంతా మిగతాదే. కింద రాసేదంతా ఆ "మిగతాది" గురించే.

ఇండియాలో చదివేవాళ్ల కోసం ఒక మాట: ఇక్కడ ఎండీ అంటే మన పీజీ ఎండీ కాదు, మన ఎంబీబీఎస్ లాంటిది. డిగ్రీ అయ్యాక నాలుగేళ్లు చదవాలి, ఆ తర్వాత రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో స్పెషాలిటీ శిక్షణ. ఇండియాలో అయితే పీహెచ్‌డీ చేసినా నీట్ యూజీ రాయాల్సిందే, ఇంటర్ పిల్లలతో కలిసి. అక్కడ వైద్య విద్యను చూసే ఎన్‌ఎంసీ 2022లో గరిష్ఠ వయసు పరిమితి ఎత్తేసింది కాబట్టి వయసు అడ్డు కాదు, కానీ మీ పీహెచ్‌డీని అక్కడ అడిగే నాథుడు ఉండడు. నేను రాసేది అమెరికా దారి గురించి మాత్రమే.

మొదట వీసా

గ్రీన్ కార్డు ఉంటే, లేదా సిటిజన్ అయితే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లిపోండి. ఎఫ్‌1 (స్టూడెంట్ వీసా) మీద ఉంటే మాత్రం కూర్చుని చదవండి. అమెరికాలో ఎండీ ఇచ్చే స్కూళ్లు 150 పైనే ఉన్నా, అంతర్జాతీయ విద్యార్థుల అప్లికేషన్ తెరిచి చూసేవి అందులో కొన్నే. ప్రభుత్వ స్కూళ్లలో చాలావాటికి సొంత రాష్ట్రం వాళ్లే ముద్దు. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లలో 90 శాతం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే పోతాయి. మిగిలిన ప్రైవేటు స్కూళ్లు తీసుకున్నా, ఫెడరల్ లోన్లు మనకు రావు కాబట్టి ఏడాది నుంచి నాలుగేళ్ల దాకా ఫీజు ముందే ఎస్క్రో ఖాతాలో (ఫీజు కోసమే పక్కన కట్టిపెట్టే ఖాతాలో) చూపించమనే స్కూళ్లున్నాయి. అంటే ఊళ్లో పొలం అమ్మినా చాలని మొత్తం.

హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తూ ఫుల్‌టైమ్ ఎండీ చదవడం కుదరదు, ఎఫ్‌1కి మారాలి. హెచ్4 మీద చదవొచ్చు, కానీ మీ స్టేటస్ మీ భర్త లేదా భార్య ఉద్యోగానికి వేలాడుతూ ఉంటుందని మర్చిపోకండి. ఐ-485 (గ్రీన్ కార్డు అప్లికేషన్) పెండింగ్‌లో ఉండి ఈఏడీ (వర్క్ పర్మిట్) చేతిలో ఉన్నవాళ్లను ఒక్కో స్కూల్ ఒక్కోలా చూస్తుంది, అందుకని అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించి దాచుకోండి. నేను ఫోన్లో అడిగి నమ్మిన ఒక స్కూల్, సెకండరీ (స్కూల్ విడిగా పంపే రెండో అప్లికేషన్) ఫీజు కట్టించుకున్నాక, మీ ఇండియా కోర్సులు పనికిరావని చెప్పింది. ఫోన్లో చెప్పింది ఎవరో వాళ్లకూ తెలీదట.

నన్నడిగితే, పీహెచ్‌డీ ఉండి మంచి పేపర్లు ఉన్నవాళ్లు ముందు ఈబీ-1ఏ, నేషనల్ ఇంటరెస్ట్ వెయివర్ అనే గ్రీన్ కార్డు దారులు లాయర్‌తో మాట్లాడి చూడటం మంచిది. ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నా గ్రీన్ కార్డు మావారి వైపు నుంచి వచ్చింది, అందులో నా గొప్పేమీ లేదు.

పీహెచ్‌డీకి ఉన్న విలువ, లేని విలువ

బయోకెమిస్ట్రీలో పీహెచ్‌డీ ఉంటే మొదటి ఏడు బయోకెమిస్ట్రీ మినహాయిస్తారా? మినహాయించరు. నాలుగేళ్లూ అందరితో పాటే కూర్చోవాలి. మయామీ యూనివర్సిటీ ఒకప్పుడు పీహెచ్‌డీ వాళ్లను రెండేళ్లలో ఎండీ చేసేది, అది మూతపడి చాలా కాలమైంది. కొలంబియాలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ల కోసం మూడేళ్ల చిన్న ట్రాక్ ఒకటి ఉంది, మీరు అప్లై చేసే ఏడు తీసుకుంటున్నారో లేదో చూసుకోండి. హార్వర్డ్, ఎంఐటీ కలిసి 1970 నుంచి నడుపుతున్న హెచ్‌ఎస్‌టీ ప్రోగ్రాం, ఇంజినీరింగ్ పునాది మీద 2018లో మొదటి బ్యాచ్ తీసుకున్న ఇల్లినాయ్‌లోని కార్ల్ కాలేజ్, రీసెర్చ్ కోసమే అయిదేళ్ల కోర్సు పెట్టి అందరికీ ట్యూషన్ మాఫీ చేసే క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ల లెర్నర్ కాలేజ్, ఇవి మనలాంటి వాళ్లను కాస్త ఆసక్తిగా చూసే చోట్లు. అక్కడ పోటీ కూడా అంతే తీవ్రంగా ఉంటుంది.

ఇంకో అపోహ ఎండీ-పీహెచ్‌డీ ఫండింగ్ గురించి. ఇక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 1964 నుంచి నడిపే ఎంఎస్‌టీపీలో ఫీజు మాఫీ, పైన స్టైపెండ్, వినడానికి బాగుంటుంది. కానీ అది రెండు డిగ్రీలూ కలిపి చేసేవాళ్లకు. మనం ఒకటి ముందే చేసేశాం కాబట్టి మామూలు ఎండీ వరసలో నిలబడాలి.

మరి పీహెచ్‌డీ దేనికి పనికొస్తుందంటే, మిగతా అప్లికేషన్ గట్టిగా ఉన్నప్పుడు అది మిమ్మల్ని గుర్తుండేలా చేస్తుంది. గట్టిగా లేనప్పుడు ఎదురు తిరుగుతుంది: "ఇంత చదివారు, ఇరవై పేపర్లున్నాయి, ఒక్క పేషెంట్ పక్కన కూర్చున్న దాఖలా లేదు, అసలు డాక్టర్ పని ఏంటో తెలుసా?" అని. మొదటిసారి నా అప్లికేషన్‌లో ఆస్పత్రి గంటలు మొత్తం పన్నెండు. పన్నెండు వందలు కాదు, పన్నెండు.

కోర్సులు, జీపీఏ: ఇక్కడే ఎక్కువ మంది పడిపోతారు

ఎండీ అప్లికేషన్లు వెళ్లేది మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే ఆమ్‌కాస్ అనే పోర్టల్ ద్వారా. డీఓ (ఎండీ లాంటిదే ఇంకో డాక్టర్ డిగ్రీ) స్కూళ్లకు ఆకోమాస్, టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లకు వేరే పోర్టల్. ఆమ్‌కాస్ విదేశీ కాలేజీల మార్కులను లెక్కలోకి తీసుకోదు. మీ ఇండియా కాలేజీ పేరు రాస్తారు, అంతే, కోర్సులూ మార్కులూ జీపీఏలోకి రావు. పీహెచ్‌డీ కోర్సుల గ్రేడ్లు గ్రాడ్యుయేట్ జీపీఏ అని వేరే వరసలో కనిపిస్తాయి, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు, గ్రాడ్ స్కూల్లో 'ఏ' గ్రేడ్ అందరికీ వస్తుందని కమిటీలకు తెలుసు. చాలా స్కూళ్లు అమెరికాలోనో కెనడాలోనో చదివిన క్రెడిట్లు ఇన్ని ఉండాలని కనీసం పెడతాయి, కొన్ని 60 అంటాయి, కొన్ని 90.

దీని అర్థం ఏంటంటే, ఇండియాలో డిగ్రీ చేసి ఇక్కడ పీహెచ్‌డీ మాత్రమే చేసిన మనిషికి, ఇక్కడ తీసుకునే ఆ ఎనిమిదో పదో అండర్‌గ్రాడ్ కోర్సులే మొత్తం అండర్‌గ్రాడ్ జీపీఏ. అందులో ఒక బీ వస్తే కనిపిస్తుంది, ఒక సీ వస్తే దెబ్బే. మళ్లీ తీసుకున్నా పాత గ్రేడు చెరిగిపోదు, ఆమ్‌కాస్ రెండూ లెక్కేస్తుంది. ఇక్కడే డిగ్రీ చేసి అప్పట్లో అల్లరిచిల్లరగా తిరిగినవాళ్లకు పీహెచ్‌డీ ఆ పాత జీపీఏని కడిగేయదు, కాకపోతే ఇప్పుడు కొత్తగా తీసుకునే సైన్స్ కోర్సుల్లో వరసగా 'ఏ' గ్రేడ్లు తెచ్చుకుంటే మనిషి మారాడని చూపించవచ్చు.

మామూలుగా అడిగేవి ఇవి: బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, నాలుగూ రెండేసి సెమిస్టర్లు ల్యాబ్‌తో సహా, బయోకెమిస్ట్రీ ఒకటి, ఇంగ్లీష్ రెండు, కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్, సైకాలజీ. కొన్ని స్కూళ్లు ఇప్పుడు ఫలానా కోర్సులే కావాలని పట్టుబట్టడం మానేశాయి, కొన్ని పదేళ్ల కిందటి కోర్సులు చెల్లవంటాయి. ఏఏఎంసీ వాళ్ల ఎంసార్ డేటాబేస్‌కి చందా కట్టి, స్కూల్ వారీగా ఎక్సెల్‌లో రాసుకోండి, ఈ పనికి ఒక వీకెండ్ పోతుంది, పోనివ్వండి.

ఇంకా పీహెచ్‌డీలో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా విలువైన సలహా: మీ ట్యూషన్ వెయివర్ (ఫీజు మాఫీ) అండర్‌గ్రాడ్ కోర్సులకు కూడా వర్తిస్తుందేమో గ్రాడ్ స్కూల్ ఆఫీసులో అడగండి. చాలాచోట్ల వర్తిస్తుంది, అడ్వైజర్ సంతకం కావాలంతే. నేను ఈ సంగతి తెలియక డిగ్రీ అయిపోయాక సొంత డబ్బుతో ఫిజిక్స్ చదివాను. ముప్పయ్యో ఏట, సాయంత్రం ల్యాబ్‌లో, పట్టాల మీద బండి తోసి వేగం కొలుస్తూ, పక్కన పంతొమ్మిదేళ్ల ల్యాబ్ పార్ట్‌నర్ నన్ను టీఏ (ల్యాబ్ నేర్పే అసిస్టెంట్) అనుకుని సందేహాలు అడిగాడు. మొదటి ల్యాబ్ రిపోర్టు జర్నల్ పేపర్ రాసినట్టు పదకొండు పేజీలు రాశాను, ఎర్రర్ బార్లతో సహా. అసలు టీఏ రెండు మార్కులు కోసి, మార్జిన్‌లో "పేజీన్నర చాలు" అని రాశాడు.

ఎంక్యాట్

ఏడున్నర గంటల పరీక్ష, బ్రేకులు కలిపి. నాలుగు సెక్షన్లు, 230 ప్రశ్నలు, స్కోరు 472 నుంచి 528. ఎండీలో చేరినవాళ్ల సగటు 511, 512 దగ్గర తిరుగుతోంది. ఏడాదిలో మూడుసార్లు, రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు మాత్రమే రాయనిస్తారు, రాసిన ప్రతి స్కోరూ స్కూళ్లకు కనిపిస్తుంది. "ఊరికే ఒకసారి రాసి చూద్దాం" అనే మన ఎంట్రన్స్ అలవాటు ఇక్కడ పనికిరాదు. స్కోరు చాలాచోట్ల రెండు మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి థీసిస్ ఇంకా మూడేళ్లుందనగా రాయకండి.

పీహెచ్‌డీ వాళ్లకు బయాలజీ సెక్షన్ సులువే, ప్రయోగాలు, గ్రాఫులు, కంట్రోళ్లు రోజూ చూసేవే. మన సమస్య వేరు: ప్యాసేజ్‌తో వాదనకు దిగుతాం. "ఈ వెస్టర్న్ బ్లాట్‌కి లోడింగ్ కంట్రోల్ లేదు, ఈ ముగింపు చెల్లదు" అని నేను నిజంగా ఒక ప్రాక్టీస్ టెస్టులో నాలుగు నిమిషాలు కూర్చున్నాను. అక్కడ ఉన్నదే నిజమనుకుని జవాబు పెట్టి ముందుకు పోవాలి, పేపర్లలో తప్పులు వెతికే రివ్యూయర్ 2 వేషాలు ఇంటి దగ్గర వదిలి రావాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ సెక్షన్‌లో కాలిక్యులేటర్ ఇవ్వరు. చిన్నప్పుడు పంతులుగారు బెత్తంతో నేర్పిన ఎక్కాలు ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ అక్కరకొచ్చాయి. సైకాలజీ, సోషియాలజీ అంతా పదజాలం, ఆరు వారాలు రోజూ ఫ్లాష్‌కార్డులు తిప్పితే వచ్చేస్తుంది.

అసలు గండం కార్స్, అంటే వ్యాసాలు చదివి జవాబులు చెప్పే సెక్షన్. 53 ప్రశ్నలు, 90 నిమిషాలు, చరిత్ర, కళలు, తత్వం మీద వ్యాసాలు. సైన్స్ పేపర్లు తప్ప పదేళ్లుగా ఏదీ పూర్తిగా చదవని మనలాంటి వాళ్లకు ఇది మూడు నెలల్లో పట్టుబడదు. ఆర్నెల్ల ముందు నుంచి రోజుకు రెండు ప్యాసేజ్‌లు, టైమర్ పెట్టుకుని, ఒక్కరోజు కూడా మానకుండా చేయండి. ప్రైవేటు కోచింగ్‌కి వేల డాలర్లు పోసేముందు ఏఏఎంసీ సొంత ప్రాక్టీస్ టెస్టులు పూర్తిచేయండి, అసలు పరీక్షకు దగ్గరగా ఉండేవి అవే.

పేషెంట్ల దగ్గరికి వెళ్లడం

దీనికి దొడ్డిదారి లేదు. కనీసం ఏడాది పాటు, వారానికి మూడు నాలుగు గంటలు, ఒకేచోట. రెండు నెలల్లో మూడొందల గంటలు కుక్కేసిన అప్లికేషన్ కన్నా ఇదే నమ్మకంగా ఉంటుంది. ఆస్పత్రి వాలంటీరింగ్, ఇన్సూరెన్స్ లేనివాళ్ల కోసం నడిచే ఫ్రీ క్లినిక్కులు, హాస్పిస్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్ల దగ్గర కూర్చోవడం, ఇవి ఎఫ్‌1 మీద ఉన్నవాళ్లూ చేయొచ్చు, డబ్బు తీసుకోనంతవరకు, జీతం ఇచ్చి చేయించాల్సిన పని కానంతవరకు. స్క్రైబ్‌గా (డాక్టర్ పక్కనుండి నోట్సు రాసే పని), ఈఎంటీగా (అంబులెన్స్ పని) పనిచేయడం ఇంకా మంచిదే కానీ వాటికి వర్క్ పర్మిట్ ఉండాలి. తానా, ఆటా లాంటి సంఘాలు, గుళ్లు పెట్టే హెల్త్ క్యాంపులు మొదలుపెట్టడానికి మంచివే, కానీ అవి ఏడాదికి రెండు ఆదివారాలు, వాటి మీదే ఆధారపడకండి. షాడోయింగ్ వేరు, వాలంటీరింగ్ వేరు. డాక్టర్ వెనక నిలబడి చూడటం నలభై యాభై గంటలు చాలు, అందులో కొంత ఫ్యామిలీ మెడిసిన్‌లో ఉండాలి.

నేను వెళ్లిన ఫ్రీ క్లినిక్‌లో ఒకరోజు కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ (వివరాలు మార్చే రాస్తున్నాను) షుగరు నాలుగొందలు దగ్గర్లో పెట్టుకుని కూర్చుంది. మందులు వేసుకుంటున్నారా అని నర్సు ఇంగ్లీషులో అడిగితే తల ఊపింది. నా పని బీపీ కొలిచి రాసుకోవడం వరకే. కఫ్ బిగిస్తూ తెలుగులో "ఏం తిన్నారు పొద్దున" అని అడిగానంతే. కాసేపటికి మెల్లగా చెప్పింది, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న బిళ్లలు తిరుగు ప్రయాణం దాకా రావాలని రోజు విడిచి రోజు వేసుకుంటోందట, ఇక్కడ కొనాలంటే కొడుక్కి ఖర్చని. నేను అయిదేళ్లు మందు రిసెప్టర్‌కి ఎలా అతుక్కుంటుందో చదివాను. మందు డబ్బాలోంచి నోట్లోకి ఎందుకు వెళ్లదో ఒక్కరోజూ ఆలోచించలేదు. డాక్టర్‌కి చెప్పాను, ఆయన ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని మళ్లీ మొదట్నుంచి అడిగారు, ఎందుకంటే వాలంటీర్ అనువాదం లెక్కలోకి రాదు, రాకూడదు కూడా. నా రెండో అప్లికేషన్ నిలబడింది ఆ పది నిమిషాల మీదే.

పీఐకి (ల్యాబ్ గైడ్‌కి) ఎప్పుడు చెప్పాలి

ఇది టెన్షన్ పెట్టే భాగం. మరీ ముందే చెబితే మంచి ప్రాజెక్టులు పక్కవాళ్లకు పోతాయన్న భయం, చివర్లో చెబితే మోసం చేసినట్టు. థీసిస్ కమిటీ మీరు ఎప్పుడు డిఫెండ్ చేయాలో ఒప్పుకున్నాక, అప్లై చేయడానికి ఏడాది ముందు చెప్పడం సరైన సమయం అని నా అభిప్రాయం. చెప్పేటప్పుడు తేదీలతో సహా వెళ్లండి: ఈ పేపర్ ఫలానా నెలలో సబ్మిట్ చేస్తాను, ల్యాబ్ ప్రోటోకాల్స్ ఫలానా వాళ్లకు నేర్పిస్తాను అని. ఇంకోటి, మొదలుపెట్టిన డిగ్రీ ఎండీలో చేరేలోపు పూర్తవ్వాలని దాదాపు ప్రతి స్కూలూ అడుగుతుంది, సగంలో వదిలేసి వెళ్తానంటే ఇంటర్వ్యూలో అదొక్కటే అడుగుతారు.

పీఐ లెటర్ లేకుండా పీహెచ్‌డీ అప్లికేషన్ వెళ్తే కమిటీ మొదట గమనించేది ఆ ఖాళీనే. కానీ పీఐలు రాసేది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి రీసెర్చ్ ఉద్యోగం) లెటర్: ఎన్ని టెక్నిక్స్ వచ్చు, ఎంత స్వతంత్రంగా పనిచేస్తారు. మనక్కావలసింది ప్రయోగం చెడిపోయినప్పుడు మీరెలా ఉన్నారు, జూనియర్లతో ఎలా మాట్లాడారు, తప్పు మీదైతే ఒప్పుకున్నారా అన్నది. ఒక పేజీ మీద అలాంటి మూడు సంఘటనలు రాసిచ్చి, ఏఏఎంసీ వాళ్ల లెటర్ గైడ్‌లైన్స్ జతచేయండి, ఏ పీఐ కూడా ఏమీ అనుకోరు, పని తగ్గిందని సంతోషిస్తారు. ఇవి కాక, మీరు కొత్తగా తీసుకున్న కోర్సుల్లో ఇద్దరు సైన్స్ ప్రొఫెసర్లు, మిమ్మల్ని పేషెంట్ల మధ్య చూసిన ఒకరు. ఆమ్‌కాస్ పది లెటర్ల దాకా తీసుకుంటుంది, అయిదారు చాలు.

అప్లికేషన్ రాయడం

2028 ఆగస్టులో క్లాసులో కూర్చోవాలంటే ఎంక్యాట్ 2027 ఏప్రిల్ లోపు అయిపోవాలి, ఆమ్‌కాస్ 2027 మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర్నుంచి సబ్మిట్ చేయొచ్చు. జూన్ మొదటి పది రోజుల్లో పంపేయండి. సీట్లు ఎప్పటికప్పుడు నింపుకుంటూ పోతారు, పైగా మీ ట్రాన్‌స్క్రిప్టులు సరిచూడటానికే వారాలు పడుతుంది. నేను మొదటిసారి సెప్టెంబర్‌లో పంపాను, గ్రాంట్ గడువు తేదీలాగా చివరిరోజు వరకు ఉందనుకుని. అప్పటికి చాలా స్కూళ్లలో ఇంటర్వ్యూ పిలుపులు సగం వెళ్లిపోయాయి.

యాక్టివిటీస్ పదిహేను దాకా రాయొచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు, ఖాళీలతో కలిపి. మూడింటిని ముఖ్యమైనవని గుర్తుపెట్టి ఇంకో 1325 అక్షరాలు రాయనిస్తారు. పేపర్లన్నిటికీ కలిపి ఒక్క గడి వాడండి, ఒక్కో పేపర్‌కి ఒక్కో గడి వృథా చేయకండి. నా పీహెచ్‌డీ గురించి మొదటిసారి రాసింది, తెలుగులో చెప్పుకుంటే, ఇలా ఉండేది: "మ్యూ ఓపియాయిడ్ రిసెప్టర్ దగ్గర బయాస్డ్ లైగాండ్ల బీటా-అరెస్టిన్ రిక్రూట్‌మెంట్‌ను పరిశీలించి, మ్యూరైన్ మోడళ్లలో..." రెండోసారి ఇలా: "నొప్పి తగ్గించే మందులు ఊపిరిని ఎందుకు మందగింపజేస్తాయో వెతికాను. రెండేళ్లు నా ఎలుకల ప్రయోగం ప్రతిసారీ ఒక్కోలా వచ్చింది. పంజరాలు మార్చిన రోజునే నేను నొప్పి కొలుస్తున్నానని, తప్పు అక్కడుందని మా ల్యాబ్‌లోని అండర్‌గ్రాడ్ అమ్మాయి పట్టుకుంది. ఆ పేపర్‌లో ఆమె పేరు నా పక్కన ఉంటుంది." మొదటిది చదివితే నాకేం తెలుసో తెలుస్తుంది, రెండోది చదివితే నేనెలాంటి మనిషినో తెలుస్తుంది. కమిటీకి కావలసింది ఆ రెండోదే.

పర్సనల్ స్టేట్‌మెంట్ 5300 అక్షరాలు. అందులో ఎంసెట్ కథ వద్దు. నాకు తెలుసు, మనందరి గుండెల్లో ఆ ర్యాంకు ముల్లులా ఉంటుంది, ఎదురింటి వాళ్లబ్బాయికి సీటొచ్చింది నాకు రాలేదన్నది పదిహేనేళ్లైనా పోదు. కానీ చదివే అమెరికన్ డాక్టర్‌కి అది చిన్ననాటి పంతంలా కనబడుతుంది, ఒక ముక్కలో చెప్పి వదిలేయండి, లేదా అసలు చెప్పకండి. "ల్యాబ్‌లో విసిగిపోయాను" అన్నది ఇంకా ప్రమాదం, మెడిసిన్‌లో విసుగు రాదా ఏంటి? పీహెచ్‌డీ చేస్తుండగా ఏ ప్రశ్న మిమ్మల్ని బెంచ్ దగ్గర్నుంచి మంచం దగ్గరికి నడిపించిందో అది రాయండి.

ప్రైమరీ (ఆమ్‌కాస్ అప్లికేషన్) వెళ్లాక జూలైలో సెకండరీలు వరదలా వస్తాయి, ఒక్కోదానికి మూడు నాలుగు వ్యాసాలు, 75 నుంచి 150 డాలర్ల ఫీజు. రెండు వారాల్లో తిప్పి పంపాలి. ప్రశ్నలు ఏటా పెద్దగా మారవు కాబట్టి జూన్‌లోనే రాయడం మొదలుపెట్టండి. జనం సగటున పదిహేడు పద్దెనిమిది స్కూళ్లకు వేస్తారు. మీరూ అలాగే వేయండి, కానీ అన్నీ పెద్ద పేర్లే కాకుండా మీ రాష్ట్రం స్కూళ్లు ముందు, రీసెర్చ్ ఎక్కువ ఉన్నవి తర్వాత, డీఓ స్కూళ్లు కొన్ని. గ్రీన్ కార్డు ఉండి స్టైపెండ్ మీద బతుకుతున్నవాళ్లు ఏఏఎంసీ ఫీ అసిస్టెన్స్‌కి ముందే అప్లై చేయండి, ఎంక్యాట్ ఫీజు తగ్గుతుంది, 20 స్కూళ్ల వరకు ప్రైమరీ ఫీజు ఉండదు. కట్టేశాక వెనక్కివ్వరు.

ఇంటర్వ్యూ

సెప్టెంబర్ నుంచి మార్చి దాకా. చాలాచోట్ల ఎంఎంఐ, అంటే వరసగా గదులు, ఒక్కో గదిలో ఏడెనిమిది నిమిషాలు, ఒక్కో సమస్య. పీహెచ్‌డీ వాళ్లకు తప్పకుండా వచ్చే ప్రశ్నలు రెండే: సైన్స్ వదిలేస్తున్నారా, డాక్టర్లతో కలిసి రీసెర్చ్ చేస్తే సరిపోదా? రెండోదానికి జవాబు నిజాయితీగా మీ దగ్గర లేకపోతే అప్లై చేయడం ఇంకో ఏడు ఆపండి, ఎందుకంటే చాలామందికి నిజంగానే సరిపోతుంది.

థీసిస్ రెండు నిమిషాల్లో చెప్పమంటారు. నేను అమ్మకి ఫోన్లో తెలుగులో చెప్పి ప్రాక్టీస్ చేశాను, రిసెప్టర్ అనే మాట కూడా వాడకుండా, తాళం, తాళంచెవి అంటూ. అమ్మ అప్పటికే "డాక్టర్ అయ్యావుగా, పేరు ముందు రాసుకుంటున్నావుగా, మళ్లీ డాక్టరేంటి" అన్న మనిషి. అంతా విని, "మరి ఆ ఎలుకలకి నొప్పి తగ్గిందా?" అంది. తగ్గిందమ్మా, కానీ ప్రయోగం అయ్యాక వాటిని చంపేస్తాం అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే తగ్గి ఏం లాభం?" అంది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఎందుకు ల్యాబ్ దాటి రావాలనుకుంటున్నారు అని అడిగినప్పుడు నేను ఈ సంభాషణే చెప్పాను, వేరే జవాబు తట్టక. ఆయన నోట్సు రాసుకోవడం ఆపి నవ్వాడు.

డబ్బు, వయసు

నాలుగేళ్ల ఖర్చు 3 లక్షల డాలర్లు దాటడం మామూలే. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్లు లేవు, ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం మీద 2 లక్షల డాలర్లే. మిగతాది ప్రైవేటు లోనో, స్కాలర్‌షిప్పో, ఇంట్లోవాళ్లో. ఎన్‌వైయూ 2018 నుంచి, బ్రాంక్స్‌లోని ఐన్‌స్టీన్ 2024 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు, జాన్స్ హాప్కిన్స్‌లో కుటుంబ ఆదాయం 3 లక్షల డాలర్ల లోపున్నవాళ్లకు ట్యూషన్ లేదు. అందరూ అక్కడికే పరిగెడతారనుకోండి.

ముప్పై మూడులో చేరితే ముప్పై ఏడుకి ఎండీ, ఇంటర్నల్ మెడిసిన్ అయితే నలభైకి రెసిడెన్సీ పూర్తి. పోస్ట్‌డాక్ చేసి ఫ్యాకల్టీ ఉద్యోగం కోసం ఎదురుచూసినా దాదాపు ఆ వయసే వస్తుంది, కానీ ఆ దారిలో అప్పు ఉండదు. మాకు పాప రెండో ఏడులో పుట్టింది, అత్తయ్యగారు ఆర్నెల్లు వచ్చి ఉండకపోతే నేను ఒక ఏడు వెనక్కి వెళ్లేదాన్ని. మీ ఇంట్లో ఆ ఆర్నెల్లు ఎవరొస్తారో ముందే మాట్లాడుకోండి, ఫీజుల ఎక్సెల్ షీట్‌లో దానికి గడి ఉండదు.

సీటొచ్చాక

ఎండీ స్కూళ్ల ఆఫర్లు అక్టోబర్ 15 నుంచి మొదలవుతాయి. రెండు మూడు వస్తే ఏప్రిల్ 30కల్లా ఒక్కటే ఉంచుకుని మిగతావి వదిలేయాలి.

ఆ తర్వాత ఎవరూ చెప్పని తలనొప్పి ఒకటుంది, టీకాల రికార్డు. మన చిన్నప్పటి టీకాల కార్డు ఎక్కడుందో అమ్మకి కూడా తెలియదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్ బి, వీటికి రక్తపరీక్షలో యాంటీబాడీలు చూపించమంటారు, లేకపోతే మళ్లీ టీకాలు. టీబీకి చర్మ పరీక్ష చేస్తామంటే ఒప్పుకోకండి, మన భుజం మీద ఆ బీసీజీ మచ్చ ఉన్నవాళ్లకు అది ఊరికే పాజిటివ్ చూపించవచ్చు, తర్వాత ఎక్స్‌రేలు, ప్రశ్నలు. క్వాంటిఫెరాన్ అనే రక్తపరీక్ష కావాలని అడగండి. హెపటైటిస్ బి మామూలు టీకా మూడు డోసులు పూర్తవ్వడానికి ఆర్నెల్లు పడుతుంది, ఆఫర్ వచ్చిన వారంలోనే రక్తం ఇచ్చి రండి, మే దాకా ఆగకండి.